సెరెంగెటికి జీపా, చిన్న విమానమా?

ఫిబ్రవరిలో అమ్మానాన్నలతో టాంజానియా వెళ్తున్నామండీ. విల్డబీస్ట్‌లు (మందలుగా తిరిగే పెద్ద జింక జాతి జంతువులు) ఈనే కాలం కాబట్టి సెరెంగెటి నేషనల్ పార్కు దక్షిణపు అంచున, ఎన్‌డూటు వైపు ఉందామనుకుంటున్నాం. అమ్మకు నడుంనొప్పి. అరూషా నుంచి గోరోంగోరో మీదుగా జీపులో వెళ్తే చివరి దారంతా గతుకులు, దుమ్మేనట. చిన్న విమానమైతే ఒంటికి హాయే గానీ, మనిషికి 15 కిలోలే, అవీ మెత్తటి బ్యాగుల్లోనే. పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు ఏది మేలంటారు?

ఇంకోటి, నాన్న ఉల్లిపాయ కూడా ముట్టరు. టెంట్ క్యాంపుల్లో ముందే చెబితే విడిగా వండిపెడతారా? అక్కడ 2019 నుంచి ప్లాస్టిక్ కవర్లు నిషేధం కదా, ఆవకాయ, కందిపొడి మీరెలా కట్టుకెళ్లారు? గాజు సీసా అంటే నాకు టెన్షన్, పగిలిందంటే బట్టలన్నీ నూనే!