తెగులు పట్టిన కోడి, జబ్బు చేసిన కోడి

ప్రశ్న:

పెరటి కోళ్లు పెంచుకునేవారి కోసం ఒక కరపత్రం రాస్తున్నాను. ఒక పెట్ట మేత మాని, ఈకలు విప్పుకుని మూలన కూర్చుంటే దానికి "జబ్బు చేసింది" అని రాయాలా, "తెగులు పట్టింది" అని రాయాలా? "తెగులు పట్టిన కోడిలా" అని మనుషులను అంటూంటాం కనుక తెగులు అనే మాటే సరైనదని మా మిత్రుల వాదన. పెద్దలు చెప్పగలరు.

సమాధానం:

ఈ రెండు మాటలనూ ఒకదాని బదులు మరొకటి వాడడం ఈ మధ్య పెరిగింది గాని, కోళ్లు పెంచే ఇళ్లలో వాటి మధ్య స్పష్టమైన తేడా ఉంది. మీ కరపత్రానికి ఆ తేడా ఎంతో పనికివస్తుంది.

తెగులు ముందుగా పైరుకు చెందిన మాట. వరికి అగ్గితెగులు, మానిపండు తెగులు, మిరపకు బొబ్బర తెగులు అంటాం. ఇవి చేనులో ఒక మొక్కతో ఆగవు. మనిషి విషయంలో మర్యాదగా మాట్లాడేటప్పుడు ఆ మాట వాడము, "నీకేం తెగులు?" అంటే అది తిట్టే అవుతుంది. ఇక కోళ్ల దగ్గరకు వస్తే, "ఈ ఏడు కోళ్లకు తెగులొచ్చింది" అనేది ఊరి కోళ్లన్నిటినీ దృష్టిలో పెట్టుకుని అనే మాట. గుడ్డు అడ్డం పడిన పెట్టను, కుక్క కరిచిన పుంజును, మేత అరగక దిగాలుగా ఉన్న కోడిని చూసి తెగులు పట్టిందని ఎవరూ అనరు. ఒక కోడితో ఆగేది జబ్బు, గూటి నుంచి గూటికి పాకేది తెగులు అని నేను విభజిస్తాను.

తెగుళ్లలో పెద్దది కొక్కెర. పశువైద్యులు దీనిని రాణిఖేత్ వ్యాధి అంటారు; 1927 ప్రాంతంలో కుమావూఁ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించినందువల్ల మన దేశంలో ఆ పేరు స్థిరపడింది. ఇతర దేశాల్లో ఇంగ్లండులోని ఊరి పేరు మీద న్యూకాజిల్ వ్యాధి అంటారు. కొక్కెర అంటే కొంగ అనే అర్థం కూడా ఉంది కాబట్టి, మెడ వంకర తిరగడాన్ని బట్టి కొంగ పేరు పెట్టారని కొందరు చెబుతూంటారు. రెండు మాటల రూపం ఒకటైనంత మాత్రాన ఒకదాని నుంచి మరొకటి పుట్టిందనడం తొందరపాటని నా అభిప్రాయం.

అయితే "తెగులు పట్టిన కోడిలా" అన్నవాళ్లు కోడిని ఎంత దగ్గరగా చూశారో గమనించండి. ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని, రెక్కలు వేలాడేసి, కళ్లు సగం మూసుకుని, తక్కిన కోళ్లు కుప్ప కెలుకుతుంటే ఎడంగా నిలబడి కునికే కోడి మన కళ్లకు కడుతుంది. కోడి తన నలతను చివరిదాకా పైకి కనబడనివ్వదు. ఆ వాలకం బయటపడిందంటే లోపల వ్యాధి ముదిరినట్టే లెక్క. కాబట్టి కరపత్రంలో "నీరసంగా ఉన్న కోడి" అని ఊరుకోకుండా, ఆ వాలకాన్ని ఉన్నదున్నట్టు వర్ణించండి. పొదుగుకు వచ్చిన పెట్ట కూడా ఈకలు ఉబ్బించి కూర్చుంటుంది, కానీ దగ్గరకు వెళితే గుర్రుమని పొడవడానికి వస్తుంది. జబ్బు కోడి చేతికి దొరికిపోతుంది.

మీ ప్రశ్నలో లేకపోయినా "జ్వరం" గురించి ఒక మాట చెప్పాలి. కోడిని ఎత్తుకోగానే ఒళ్లు కాలుతోందని, జ్వరమని అంటూంటారు. ఆరోగ్యంగా ఉన్న కోడి ఒంటి వేడే దాదాపు 41 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది కనుక మన చేతికి అది ఎప్పుడూ వేడిగానే తగులుతుంది. చేతి స్పర్శతో జ్వరమని నిర్ణయించి మనుషుల మాత్రలు వేయడం ప్రమాదం. దానికన్నా తెల్లవారుజామున, మేత వేయకముందు, మెడ మొదట్లో మేత నిలిచే సంచిని వేళ్లతో తడిమి చూడడం మేలు. రాత్రి తిన్నది అరిగిపోయి ఆ సంచి ఖాళీగా ఉండాలి. గట్టిగానో, నీళ్లు నిండిన తిత్తిలాగానో తగిలితే మేత కిందికి దిగడం లేదన్నమాట.

జబ్బు చేసిన కోడిని గంప కింద విడిగా మూసి, కింద పొడి గడ్డి వేసి, చలిగాలి తగలకుండా చూసి, బెల్లం, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లూ మెత్తటి నూకల జావా అందుబాటులో పెట్టాలి. ముక్కు తెరిచి గొంతులో నీళ్లు పోయడం మాత్రం ఎవరూ చేయకూడదు. గాలిగొట్టం రంధ్రం నాలుక వెనకనే ఉంటుంది, నీళ్లు అందులోకి పోతే కోడి మన చేతుల్లోనే చనిపోతుంది. ముక్కు పక్కన ఒక్కొక్క చుక్క అంటిస్తే అదే చప్పరించుకుంటుంది.

తెగులైతే ఈ సేవ చాలదు. కోడి నోరు తెరిచి రొప్పుతున్నా, ఆకుపచ్చగా పారుతున్నా, మెడ మెలిక తిరుగుతున్నా, కాళ్లు పడిపోయినా కొక్కెరను అనుమానించాలి. దానికి మందు లేదు, టీకాయే రక్షణ. పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో చుక్క వేస్తారు, 8 వారాల వయసులో సూది వేస్తారు. అదీ ఆరోగ్యంగా ఉన్నవాటికే. తెగులు కనబడగానే మిగిలిన కోళ్లను సంతలో అమ్మేయడం అన్ని ఊళ్లలోనూ చూస్తున్నాం. అది పక్క ఊళ్లకు తెగులును మోసుకెళ్లి అప్పగించడమే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన తర్వాత ఈ మాట మరీ గట్టిగా చెప్పవలసి వస్తోంది. ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే వాటిని తాకకుండా, కోయకుండా పశువైద్యాధికారికి తెలియజేయాలి.

చేర్పు (మరొక సభ్యురాలు):

మా తెలంగాణలో "రోగమొచ్చిన కోడి లెక్క" అంటాం. అక్కడ రోగం రెండింటికీ చెల్లుతుంది. కోళ్ల మశూచిని "అమ్మవారు" అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. జుట్టు మీద, కళ్ల చుట్టూ పొక్కులు లేస్తే వేపనూనెలో పసుపు కలిపి రాస్తారు. అది పాకే వ్యాధే అయినా దానిని తెగులు అనరు కదా?

సమాధానం:

నిజమే అమ్మా, నా విభజనకు అది మినహాయింపు. అమ్మవారు అన్నచోట గౌరవం కొద్దీ తెగులు అనే మాటను దూరంగా ఉంచారు. కానీ దోమల వల్ల అది ఒక కోడి నుంచి మరొకదానికి అంటుకుంటుంది కాబట్టి, ఆ కోడినీ తక్కినవాటి నుంచి వేరు చేయవలసిందే. కరపత్రంలో "అమ్మవారు (మశూచి)" అని రెండు పేర్లూ రాసి, తెగుళ్ల భాగంలోనే పెట్టమని ప్రశ్న అడిగినవారికి నా సూచన.