సర్వే శాతాలను సీట్లుగా మార్చి ప్రకటించడం సబబేనా? జర్మనీ రాష్ట్రాల అనుభవం

లెక్కల మాస్టారు:
జర్మనీలో రాష్ట్ర ఎన్నికలకు ముందు వచ్చే సర్వేలను ఓట్ల శాతాలతో ఆపకుండా, ఏ పార్టీకి ఎన్ని సీట్లు, ఏ కూటమికి మెజారిటీ అన్న అంచనా దాకా తీసుకెళ్తున్నారు. మన దగ్గర ఒక్కో నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు కాబట్టి శాతాన్ని సీట్లుగా మార్చడం కష్టం. అక్కడ సీట్లు ఓట్ల నిష్పత్తిలో వస్తాయి కాబట్టి ఈ లెక్క నమ్మదగినదే, ఓటరుకు అవసరమైనదే అని నా వాదన.

సార్లాండ్ తెలుగువాడు:
మాస్టారూ, 5 శాతం గడప సంగతి, అంటే అంతకన్నా తక్కువ ఓట్లు వచ్చిన పార్టీకి సీట్లు దక్కని నిబంధన, మీ లెక్కలోకి రాలేదు. 2022 మార్చి 27న ఇక్కడ సార్లాండ్ రాష్ట్ర ఎన్నికల్లో గ్రీన్స్ పార్టీకి 4.995 శాతం ఓట్లు వచ్చాయి. ఫలితాల పట్టికలో ఆ పార్టీ ఎదురుగా 5.0 అని ఉంటుంది, పక్క గడిలో సీట్లు సున్నా. తక్కువైనవి 23 ఓట్లు. ఎఫ్‌డీపీ అనే మరో పార్టీ కూడా 4.8 శాతం దగ్గర ఆగిపోయింది. గడప దాటని పార్టీల ఓట్లన్నీ లెక్క నుంచి తప్పుకోవడంతో, 43.5 శాతం తెచ్చుకున్న ఎస్‌పీడీ పార్టీకి 51 సీట్లలో 29 దక్కాయి. వెయ్యిమందిని అడిగిన సర్వేలో 5 శాతం దగ్గరున్న పార్టీ అంచనా ఒక శాతానికి పైగా అటూ ఇటూ కావడం మామూలే. అలాంటి పార్టీకి మూడు సీట్లని రాసినా, సున్నా అని రాసినా అది ఊహే కదా?

లెక్కల మాస్టారు:
ఒప్పుకుంటాను. అయినా 2024 సెప్టెంబర్‌లో బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్ర ఎన్నిక చూడండి. 88 మంది సభలో మెజారిటీకి 45 కావాలి. ఎస్‌పీడీకి 32, సీడీయూ అనే పార్టీకి 12, కలిపితే 44. ఒక్క సీటు చాలక ఎస్‌పీడీ కొత్త పార్టీ బీఎస్‌డబ్ల్యూతో కలవాల్సి వచ్చింది. ప్రభుత్వం ఇంత సన్నని దారం మీద నిలిచే చోట, ఆ దారం ఎక్కడుందో ఓటరుకు ముందే తెలియకూడదా?

నదీతీరం:
తెలియాలి, కానీ అది సర్వే చెప్పగలిగేది కాదు. అదే బ్రాండెన్‌బుర్గ్‌లో చివరి సర్వేలు ఏఎఫ్‌డీ అనే పార్టీకి స్వల్ప ఆధిక్యం చూపగా, 30.9 శాతంతో ఎస్‌పీడీ ముందు నిలిచింది. అదే నెలలో సాక్సనీ రాష్ట్రంలో జరిగింది మరీ ముఖ్యం: ఓట్లన్నీ లెక్కపెట్టాక అధికారులు ఏఎఫ్‌డీకి 41 సీట్లని ప్రకటించి, సాఫ్ట్‌వేర్ పొరపాటు బయటపడ్డాక 40కి సవరించారు. 120 మంది సభలో 41 అంటే మూడో వంతు దాటినట్టే. మూడింట రెండొంతుల మద్దతు కావాల్సిన ఏ నిర్ణయాన్నైనా ఆపగల బలం అది. పైగా అక్కడ 4.5 శాతమే వచ్చిన లింకె పార్టీ, లైప్‌జిగ్ నగరంలో రెండు నియోజకవర్గాలు నేరుగా గెలిచినందువల్ల గడప నిబంధన వర్తించక ఆరు సీట్లు పొందింది. రాష్ట్రవ్యాప్త సర్వేకు ఆ రెండు నియోజకవర్గాలు ఎలా కనిపిస్తాయి?

నిషేధం మాత్రం నేను కోరను. గడప దగ్గర ఊగుతున్న ప్రతి పార్టీకీ లోపలుంటే ఒక పట్టిక, బయటుంటే మరొక పట్టిక పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో ముద్రించమంటాను.