తలకోన బండ నెర్రెల్లో బుల్లి తాటాకుల్లాంటి మొక్క, ఏంటిది?

కొండదారి:
వానలు పడ్డాక తలకోన వెళ్లాం. ఎండ బాగా తగిలే బండల నెర్రెల్లో జానెడు కూడా లేని మొక్కలు గుంపుగా కనిపించాయి, ఆకు అచ్చం తాటాకులా చీలికలు చీలికలుగా ఉంది. ఫోన్ యాప్ ఒక ఫోటోకి తాటి మొలక అంటుంది, ఇంకోదానికి ఏదో గడ్డి అంటుంది. పువ్వు లేదు, కాయ లేదు. కొన్ని ఆకుల అడుగున గోధుమరంగు పొడి ఉంది, తెగులా? రెండో ఫోటో నీళ్లు కారే చోట తీసింది, నల్లటి సన్న కాడల ఫెర్న్. మూడోది నీలం పువ్వు, మా అమ్మ విష్ణుక్రాంత అంటోంది, నాకు డౌటే.

బండమీద నాచు:
మొదటిది మయూరశిఖ, ఆక్టినియోప్టెరిస్ రేడియేటా. ఇదీ ఫెర్నే. తాటి మొలక తొలి ఆకు చీలికలు లేకుండా నిటారుగా వస్తుంది, ఇంత చిన్నప్పుడే విసనకర్రలా విప్పుకోదు. ఆ పొడి తెగులు కాదండీ, ఇంటర్‌లో చదివిన సిద్ధబీజాశయాలు గుర్తున్నాయా, విత్తనాల బదులు ఫెర్న్‌కి ఉండే సన్నటి బీజాల సంచులు, అవే. దీని చీలికలు బాగా సన్నం కాబట్టి రెండు అంచులూ కిందికి మడుచుకుని వాటిని కప్పుతాయి, ముదిరాక బయటపడతాయి. ఎండాకాలంలో వెళ్తే ఇదే మొక్క చుట్టుకుపోయి చచ్చిపోయినట్టు ఉంటుంది, నాలుగు చినుకులు పడగానే లేస్తుంది. అలాగని ఇదే సంజీవని అని ఎవరైనా చెప్తే నమ్మకండి. యాత్రాస్థలాల దగ్గర ఆ పేరుతో అమ్మే ఎండు మొక్క ఎక్కువగా సెలాజినెల్లా బ్రయోప్టెరిస్, దాని ఆకులు పొలుసుల్లా ఉంటాయి, చూడగానే తేడా తెలుస్తుంది.

రెండోది అడియాంటమ్ అనే ప్రజాతి వరకు ఖాయం, ఆ నల్లటి మెరిసే కాడ చాలు. ఏ జాతో మాత్రం పైనుంచి తీసిన ఫోటోతో చెప్పలేను. చిట్టాకులు అర్ధచంద్రాకారంలో, నున్నగా, ఒక్కోదానికి విడిగా చిన్న కాడతో ఉంటే హంసపాది. నూగు ఉండి, కాడ లేకుండా అతుక్కుని ఉంటే అడియాంటమ్ ఇన్‌సైజమ్ కావచ్చు. ఆకు కొస నేలను తాకిన చోట వేరు దిగడం రెండింట్లోనూ ఉంది, దాన్ని పట్టుకుని తేల్చొద్దు. ఫెర్న్‌కి పువ్వు ఉండదు కాబట్టి ఆకు వెనక్కి తిప్పి ఒక ఫోటో, కాడ మొదలు ఒకటి, పెరిగిన చోటు ఒకటి, ఇవి లేకపోతే యాప్ అయినా మనిషైనా చేసేది ఊహాగానమే.

పొలంగట్టు:
అమ్మగారు ఏమీ అనుకోకపోతే, విష్ణుక్రాంత కాదు. దాని పువ్వులో ఐదు రేకలు కలిసిపోయి గుండ్రంగా ఉంటాయి, ఆకుల మీద పట్టులాంటి నూగు ఉంటుంది. మీ ఫోటోలో రెండు పెద్ద నీలం రేకలు, కింద ఒక చిన్నది, మొత్తం మూడే. పైగా పువ్వు ఆకుపచ్చటి గరాటులోంచి బయటికొస్తోంది. వెన్నదేవికూర, కామెలైనా బెంగాలెన్సిస్. ఆకు కాడను చుట్టుకున్న తొడుగు అంచున ఎర్రటి వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి, ఇక అనుమానం లేదు. మా చేలో పీకి పీకి విసుగొచ్చిన కలుపు ఇది, ఎందుకంటే భూమి లోపల కూడా విచ్చుకోని పూలు పూసి అక్కడే గింజ కడుతుంది. పువ్వు కావాలంటే పొద్దున్నే తీయాలి, మధ్యాహ్నానికి వాడిపోతుంది.

కొండదారి:
థాంక్స్ అన్నా, అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. ఈసారి హంసపాది కొమ్మ ఒకటి తెచ్చి నొక్కి ఆరబెట్టి చూపిస్తా. పుస్తకం ఏదైనా ఉందా?

బండమీద నాచు:
తేవొద్దు, తలకోన శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు కిందకి వస్తుంది, ఆకు కూడా తెంపకూడదు. ఫోటోలే తీయండి, మొక్కల ఫోటోలు పెట్టి గుర్తింపు అడిగే సైట్ ఐనాచురలిస్ట్‌లో ఒకే మొక్క ఫోటోలన్నీ ఒకే ఎంట్రీలో పెట్టండి, విడివిడిగా పెడితే ఎవరికీ అర్థం కాదు. పుస్తకం అంటే, అందరూ గ్యాంబుల్ ఫ్లోరా (పాత మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల పుస్తకం) చెప్తారు గానీ అది పూల మొక్కలకే, ఫెర్న్‌లు అందులో వెతికి లాభం లేదు. వాటికి బెడోమ్ 1883లో వేసిన హ్యాండ్‌బుక్ చూడండి, బొమ్మలు బాగుంటాయి. రెండింట్లోనూ పేర్లు చాలా మారిపోయాయి, ఇప్పటి పేరు లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే వృక్షశాస్త్ర తోట వాళ్ల సైట్‌లో సరిచూసుకోండి.