అజైడ్ పెట్టిన ప్రొటీన్ 26 డాల్టన్లు తక్కువ తూగుతోంది, ఎవరికైనా ఇలా అయిందా?

బెంగళూరులో ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా. సూపర్‌ఫోల్డర్ జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్)లో 150వ స్థానంలో టీఏజీ కోడాన్ (మామూలుగా 'ఆగు' అనే సంకేతం) పెట్టి, దాన్ని చదివే టీఆర్‌ఎన్‌ఏ, సింథటేజ్ ఎంజైమ్ ఇచ్చే పీఈవోల్ ప్లాస్మిడ్‌తో పారా-అజిడోఫినైలలనీన్ అనే అజైడ్ ఉన్న కృత్రిమ అమైనో ఆమ్లం చేరుస్తున్నాను. సెల్స్ ఈ. కోలై బీఎల్21(డీఈ3). ఓడీ (సెల్స్ ఎంత పెరిగాయో చెప్పే కొలత) 0.6 దగ్గర 1 మిల్లీమోలార్ అమైనో ఆమ్లం, 0.2% అరబినోజ్, 1 మిల్లీమోలార్ ఐపీటీజీ (ఈ చివరి రెండూ ఇండక్షన్‌కి, అంటే ప్రొటీన్ తయారీ మొదలుపెట్టడానికి) వేసి 30 డిగ్రీల్లో 16 గంటలు ఉంచుతున్నా.

ప్రొటీన్ బాగానే వస్తోంది, అమైనో ఆమ్లం వెయ్యని కంట్రోల్‌లో మెరుపు దాదాపు లేదు కాబట్టి సప్రెషన్ (టీఏజీ దగ్గర ఆగకుండా ఈ అమైనో ఆమ్లం చేరడం) మీద నాకు అనుమానం లేదు. చిక్కంతా ఆ తర్వాతే. డీబీసీఓ డై (అజైడ్‌కి అంటుకునే రంగు) సగం ప్రొటీన్‌కి కూడా అంటుకోవట్లేదు, మాస్ స్పెక్‌లో (ఇక్కడ స్లాట్ దొరకడమే గగనం) రావాల్సిన పీక్ పక్కనే 26 డాల్టన్లు తక్కువగా ఇంకో పెద్ద పీక్ ఉంది, అంటే అజైడ్ కాస్తా అమీన్ అయిపోతోంది.

బఫర్ల నుంచి అజైడ్‌ని రిడ్యూస్ చేసే డీటీటీ, బీటా-మెర్కాప్టోఇథనాల్ తీసేశాను, వెలుతురు తగలకుండా ఫ్లాస్కులకు ఫాయిల్ చుట్టాను, కొత్త పౌడర్ తెప్పించాను, డై మోతాదు పెంచాను. ఏం తేడా లేదు. సెల్ లోపలే రిడక్షన్ జరుగుతోందని నాకనిపిస్తోంది. గైడ్ గారేమో వేరే అమైనో ఆమ్లానికి మారిపొమ్మంటున్నారు, అలాగైతే కొత్త సింథటేజ్‌తో మళ్లీ మొదటికే!

ఇండక్షన్ 16 గంటల నుంచి 4-5 గంటలకు తగ్గిస్తే అజైడ్ పీక్ పెరగడం మీలో ఎవరైనా చూశారా?