శిక్షణలో గాయపడిన స్వచ్ఛంద రక్షకుడికి పరిహారం ఎలా అడగాలి?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కొండల్లో తప్పిపోయినవారిని వెతికే స్వచ్ఛంద దళంలో ఉన్న మా తమ్ముడికి తాడు శిక్షణలో మోకాలు విరిగింది. అక్కడ అత్యవసర కార్యకర్తగా నమోదై, రాష్ట్ర అత్యవసర నిర్వహణ విభాగం అనుమతిగా నంబరు ఇచ్చిన పనిలోనో శిక్షణలోనో ఉండగా గాయపడినవారికే ప్రభుత్వం వైద్య ఖర్చులు, పరిహారం ఇస్తుంది. తమ్ముడికి నమోదు కార్డు ఉంది, ఆనాటి హాజరుపట్టీలో సంతకమూ ఉంది. అయితే ఆ నంబరు ఉదయపు తరగతికే తీసుకున్నామని, మధ్యాహ్నం కొండపై జరిగిన సాధన దాని కిందికి రాకపోవచ్చని దళ నాయకులు అంటున్నారు. పైసా జీతం లేకుండా అర్ధరాత్రి కూడా మంచులోకి వెళ్లేవాడు ఇప్పుడు ఆసుపత్రి బిల్లులకు భయపడుతుంటే చూడలేకపోతున్నాము.

ఇటువంటి పరిహారం కోరినవారెవరైనా ఉంటే, అనుమతి పరిధిని నిరూపించడానికి ఏ పత్రాలు పనికివచ్చాయో, బిల్లులన్నీ రాకముందే దరఖాస్తు చేయవచ్చో, దానిని కౌంటీ కార్యాలయం ద్వారానే పంపాలో దయచేసి తెలియజేయగలరు.