పారిపోతున్నవాడి చేతిలో గన్ ఉంది, కాల్చొచ్చా? పోలీసు వీడియో గేమ్ స్వాట్ 4 రూల్స్ మీద చర్చ

తలుపుతన్ను:
ఆదివారం కో-ఆప్‌లో (అందరం ఒకే టీమ్‌గా ఆన్‌లైన్‌లో ఆడేది) జరిగిన గొడవ ఇక్కడే తేలిపోవాలి. ఏ-బాంబ్ నైట్‌క్లబ్ మిషన్. బార్ దగ్గర ఒకడు పిస్టల్‌తో కనిపించాడు. ఆయుధం కింద పడెయ్యమని అరిచాను. పడెయ్యలేదు, వెనక్కి తిరిగి పరుగు లంకించుకున్నాడు. కాల్చాను, చచ్చాడు. మిషన్ చివర చూస్తే అనుమతి లేకుండా ప్రాణం తీశానని 10 మార్కులు కోత. మేం ఆడేది అన్నిటికంటే కష్టమైన ఎలీట్ లెవెల్‌లో, పాసవ్వాలంటే వందకి 95 కావాలి. ఇంకేముంది, గోవిందా! ఆట సర్వర్ నడిపే హోస్ట్ గారు నన్ను అందులోంచి గెంటేశారు. 2005లో రాసిన ఈ రూల్ న్యాయమేనా?

శాంతమూర్తి:
ఆ హోస్ట్‌ని నేనే. మీ మీదకో, టీమ్ మీదకో, బందీ మీదకో గన్ ఎత్తితేనే కాల్చాలి. వాడి గన్ నేలవైపు ఉంది, వీపు మీవైపు ఉంది. ఇందులో న్యాయం అన్యాయం ఏముంది? గాయపడితే 5, చస్తే 10. ఆటలో దిగేటప్పుడే తెలిసిన లెక్క ఇది. పైగా మీ దగ్గర కళ్లు బైర్లు కమ్మించే ఫ్లాష్‌బ్యాంగ్‌లు వాడకుండా అలాగే మిగిలాయి.

పాతసీడీ:
స్వాట్ 4 ఇంకా ఆడుతున్నారా! దండం రా బాబూ.

తలుపుతన్ను:
ఫ్లాష్‌బ్యాంగ్ పిన్ను లాగి విసిరేలోపు వాడు పక్క గదిలో ఉంటాడు. అక్కడ ఇద్దరు బందీలు ఉంటే? తలుపు వెనక కాచుకుని, మనం లోపలికి అడుగుపెట్టగానే కాలిస్తే? మన ఆఫీసర్ పడిపోతే దానికీ మార్కులు పోతాయి కదా. అంటే వాడు కాల్చేదాకా ఆగి, దెబ్బ తిని, అప్పుడు కాల్చాలా?

సెక్షన్_సుబ్బు:
ఆట అమెరికా పోలీసులది కాబట్టి అక్కడి చట్టం చూద్దాం. 1974లో మెంఫిస్‌లో ఒక ఇంట్లో దొంగతనం చేసి కంచె దూకబోతున్న పదిహేనేళ్ల కుర్రాణ్ణి పోలీసు కాల్చేశాడు. అతని దగ్గర ఆయుధం లేదు. 1985లో టెనెస్సీ వర్సెస్ గార్నర్ తీర్పులో అక్కడి సుప్రీంకోర్టు, పారిపోతున్నాడు అన్న ఒక్క కారణంతో ప్రాణం తియ్యకూడదని చెప్పింది.

శాంతమూర్తి:
విన్నారా?

తలుపుతన్ను:
సగమే చెప్పారు సుబ్బుగారు. వాడివల్ల ఇతరుల ప్రాణాలకు గట్టి ముప్పు ఉందని నమ్మడానికి తగిన కారణం ఉంటే కాల్చొచ్చని అదే తీర్పులో ఉంది. నేను కాల్చినవాడు కంచె దూకే కుర్రాడు కాదు, చేతిలో పిస్టల్ ఉంది.

సెక్షన్_సుబ్బు:
నిజమే. 1989లో గ్రాహమ్ వర్సెస్ కానర్ కూడా ఉంది. ఆ క్షణంలో అక్కడున్న ఆఫీసర్ కళ్లతో చూడాలి తప్ప, తర్వాత తీరిగ్గా కూర్చుని తప్పులు ఎంచకూడదని దాని సారాంశం. ఆటకు ఆ కళ్లు లేవు. గన్ ఎటు చూపుతోందో చూసి మార్కులు కోస్తుంది.

తలుపుతన్ను:
అదే నేను మొత్తుకునేది!

శాంతమూర్తి:
'నాకు ముప్పు అనిపించింది' అని ఎవడైనా చెప్తాడు. ప్రతివాడూ అదే మాట చెప్పి కాల్చేస్తాడు. అందుకే గన్ ఎటు ఉందో చూడ్డం మేలు.

కారప్పొడి:
రూల్స్ మీద అంత గౌరవం ఉంటే ఒకటి చెప్పండి మూర్తిగారూ. మొన్న ముసలావిడ మోకాళ్ల మీద కూర్చోలేదని కళ్లలో పెప్పర్ స్ప్రే కొట్టారు. ఆవిడ బందీ. ఒక్క మార్కైనా పోయిందా? బీన్‌బ్యాగ్‌తో (గన్‌తో కాల్చే గుళ్ల సంచి) పొట్టలో కొట్టి సంకెళ్లేసినా ఆట మెచ్చుకుంటుంది. నిజంగా బీన్‌బ్యాగ్ తగిలి చచ్చినవాళ్లున్నారు. ప్రాణం పోకపోతే ఏం చేసినా చెల్లుతుందా?

శాంతమూర్తి:
అది వేరే టాపిక్. ముందు కాల్పుల సంగతి తేల్చండి.

కారప్పొడి:
మీరు చేస్తే వేరే టాపిక్!

తలుపుతన్ను:
ఇంకో సంగతి. మూర్తి హోస్ట్ చేసేది డల్లాస్ నుంచి, నేనాడేది విజయవాడలో. పింగ్, అంటే సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే ఆలస్యం, 250 మిల్లీసెకన్లు దాటుతుంది. వాడి చెయ్యి లేచినట్టు నాకు కనబడింది, సర్వర్‌కి కనబడలేదేమో. డల్లాస్‌లో కూర్చుని నీతులు చెప్పడం తేలిక.

శాంతమూర్తి:
ఇందాకటిదాకా 'పారిపోతున్నాడు, కాల్చాను' అన్నావు. ఇప్పుడు చెయ్యి లేచిందా? పూటకో మాట. నీ పింగ్ 20 ఉన్నా కాలుస్తావు. ప్రతి మిషన్‌లోనూ అంతే. నీకు చంపడమే కావాలి, ఆ మాట ఒప్పుకో.

గోదారిగట్టు:
పాప్‌కార్న్ రెడీ.

తలుపుతన్ను:
అవును రా, కాల్చాలనే ఉంటుంది! రోజంతా హెడ్‌సెట్ పెట్టుకుని ముక్కూమొహం తెలియనివాడు తిడుతుంటే 'సారీ సర్, అర్థమైంది సర్' అంటాను. వాడు ఫోన్ పెట్టేదాకా నేను పెట్టకూడదు. రాత్రి వచ్చి ఇక్కడ కూడా గన్ పట్టుకున్నవాడితో 'ప్లీజ్, కింద పెట్టు బాబూ' అని బతిమాలాలా? మీ వీకెండ్ టైంపాస్ వేరు, నా గంట వేరు.

శాంతమూర్తి:
మరి ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే కోర్టుల దాకా వెళ్లేవాళ్లం కాదు.

నా సంగతి కూడా విను. మా నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. ఒక జాతరలో తోపులాట ఆపబోయి లాఠీ ఎత్తారు, ఒక కుర్రాడి చెయ్యి విరిగింది. ఎంక్వైరీ ఏళ్లపాటు నడిచింది. ఆ కుర్రాడు ఎక్కడ నిలబడ్డాడు, ఎటు తిరిగాడు, ఆయన ముందు హెచ్చరించారా లేదా, ప్రతిదీ కాగితం మీద రాయించుకున్నారు. రాత్రిళ్లు లైటేసుకుని అవే జవాబులు మళ్లీ మళ్లీ రాసేవారు. చెయ్యి ఎత్తినందుకు జవాబు చెప్పాలి అన్నది నేను ఇంట్లో చూసి నేర్చుకున్నాను. ఈ ఆట ఆ జవాబు అడుగుతుంది. అందుకే ఆడతాను, మార్కుల కోసం కాదు.

కారప్పొడి:
ముసలావిడ సంగతి మాత్రం చెప్పరు.

శాంతమూర్తి:
ఆవిడకి సారీ. చాలా?

సెక్షన్_సుబ్బు:
నా మాట వినండి. ఈజీలో పాసవ్వడానికి కనీస మార్కులే లేవు. కాల్చాలనుకున్నవాళ్లు అక్కడ కాల్చుకోండి. ఒకే గదిలో ఇద్దరికీ కుదరదు. అయితే ఒకటి మూర్తీ, ఎలీట్‌లో ఇలా ఆడాలని ముందే చెప్పకుండా మనిషిని గెంటెయ్యడం బాలేదు. ఎంక్వైరీ కూడా పెట్టలేదు నువ్వు.

తలుపుతన్ను:
అది! వీపు చూపించినవాణ్ణి కాల్చకూడదని నాకు పాఠం చెప్పి, నన్ను అడక్కుండానే కిక్ నొక్కాడు.

శాంతమూర్తి:
వాయిస్‌లో చెప్పాను. నువ్వు మ్యూట్ చేసుకున్నావు.

తలుపుతన్ను:
అరుస్తుంటే మ్యూట్ చెయ్యక ఏం చెయ్యను. సరే, ఇక్కడ హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో హోస్ట్ చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? హార్డ్ చాలు, 75 తెచ్చుకుంటాను. రోజూ రాత్రి పది తర్వాత ఖాళీ.

పాతసీడీ:
నేను చేస్తా. కానీ ముందు ఆట దొరకాలి, నా సీడీ గీతలు పడింది.