డిస్లెక్సియా ఉన్న బాబుకి రంగు షీట్లు కొనాలా?

వరంగల్ అమ్మ:
మా బాబు మూడో తరగతి. డిస్లెక్సియా అని పోయిన నెలే టెస్టులు చేసి చెప్పారు. కథ చెప్తే పొల్లుపోకుండా తిరిగి చెప్పేస్తాడు, పుస్తకం తెరిస్తే మాత్రం కడుపునొప్పి మొదలు. నిన్న 'రాత్రి'ని 'రాతిర' అన్నాడు, రెండు లైన్ల తర్వాత అదే మాట వస్తే 'రాతి' అన్నాడు. ఒక సెంటర్ వాళ్లు రంగు ప్లాస్టిక్ షీట్లు, రంగు కళ్లద్దాలు కలిపి ఆరు వేలన్నారు, షీటు పేజీ మీద పెడితే అక్షరాలు కదలకుండా నిలబడతాయట. ఎవరైనా వాడారా?

స్పెషల్ టీచర్:
కొనకండమ్మా. ఈ షీట్ల పద్ధతి 1980ల్లో అమెరికాలో హెలెన్ ఇర్లెన్ అనే ఆవిడ ప్రచారంలోకి తెచ్చారు. వీటితో చదవడం మెరుగవుతుందనడానికి సరైన ఆధారాల్లేవని 2009లో అక్కడి పిల్లల డాక్టర్లు, కంటి డాక్టర్ల సంఘాలు కలిసి ప్రకటించాయి. డిస్లెక్సియా కంటి జబ్బు కాదు. మాటలోని శబ్దాలను విడదీసి అక్షరాలతో జత చేసుకోవడంలో వచ్చే ఇబ్బంది.

అలాగని రంగులు దండగ అనను. రంగు పేజీ మీద కప్పడం కాదు, అక్షరం లోపల వేయాలి. మీ 'రాత్రి'నే చూడండి, గుడి 'త' నెత్తిన కూర్చుంటుంది, పలికేది మాత్రం కింద ఉన్న 'ర' తర్వాత. అంటే చూపు అక్షరం నుంచి వత్తుకి దిగి, మళ్లీ పైకెక్కాలి. మనకి అలవాటైపోయి తెలీదు గానీ, మీవాడు కంటికి కనిపించిన వరసలోనే చదివాడు పాపం. 'త' నలుపు, 'ర' వత్తు నీలం, గుడి ఎరుపు స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి, నలుపు నీలం ఎరుపు అని వేలు జరుపుతూ 'త్, ర్, ఇ' అనిపించండి, తర్వాత కలిపి 'త్రి'. ఏ మాటకైనా ఇవే మూడు రంగులు, మార్చొద్దు.

పాప నాన్న:
మేం షీటు కొన్నాం మేడమ్, తెల్ల కాగితం మెరుపు తగ్గి హాయిగా ఉందంటుంది మా పాప. పూర్తిగా మోసం అంటే ఒప్పుకోను.

స్పెషల్ టీచర్:
హాయిగా ఉంటే వాడండి సార్, దానికి వేల రూపాయలు ఎందుకు, పుస్తకాల షాపులో పసుపు ట్రాన్స్‌పరెంట్ షీటు దొరుకుతుంది. ఒకే స్థాయి పేరాలు రెండు తీసుకుని ఒకటి షీటుతో, ఒకటి లేకుండా చదివించి తప్పులు లెక్కపెట్టండి. ఒక్కరోజు కాదు, నాలుగైదు రోజులు.

ప్రైమరీ టీచర్:
నేను చేసిన తప్పు చెప్తా. ఉత్సాహంలో ఒక్కో అక్షరానికి ఒక్కో రంగేసి బోర్డుని సంక్రాంతి ముగ్గులా చేశాను, పిల్లాడు అక్షరం మానేసి 'ఆకుపచ్చది, గులాబీది' అని చదివాడు! ఇంకోటి, మగపిల్లల్లో ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు ఉంటారు, ఆ జంట వద్దు. మాట నోటికి వచ్చాక రంగు తగ్గిస్తూ పోండి, పరీక్ష పేపర్లో అంతా నలుపే కదా.

వరంగల్ అమ్మ:
పది రోజులైంది, షీట్లు కొనలేదు. 'రాత్రి', 'చిత్రం' తడబడకుండా వస్తున్నాయి. నిన్న 'శాస్త్రి' దగ్గర మళ్లీ ఆగిపోయాడు, రెండు వత్తులున్నాయి కదా, రెండూ నీలమేనా?

స్పెషల్ టీచర్:
రెండూ నీలమే. 'త' వత్తు పక్కన చిన్నగా 1, 'ర' వత్తు పక్కన 2 వేయండి. వాడితోనే వేయించండి.